పటేలు మీద పదకొండు సవాళ్ళు

నాకు కోపం ముక్కు మీద ఉండేది. ఆ రోజుల్లో ఎల్లారెడ్డి ఊరి బడిలో తెలుగు చెప్పేవాణ్ణి. నిజాం రాజ్యం కదా, పాఠాలన్నీ ఉర్దూలోనే. తెలుగుకు దక్కేది సాయంత్రం ఒక్క గంట. ఆ గంట కోసం కామారెడ్డి గ్రంథాలయం నుంచి ఒక నవల తెచ్చి పిల్లలకు చదివి వినిపించాను. అందులో ఒక పటేలున్నాడు, ఊరందరినీ గడగడలాడించే మనిషి.

"పటేలు గురించి తలా ఒక ప్రశ్న రాసుకురండి, కూర్చుని మాట్లాడుకుందాం" అన్నాను.

రాసుకొచ్చారు. పటేలుది ఏ ఊరు? పటేలుకు ఎడ్లెన్ని? నాకు ఒళ్ళు మండింది. "ఇవి పరీక్షలో నేనడిగేవిరా! జవాబు పుస్తకంలో దొరకనిది అడగండి."

వెనక వరుసలోంచి ఒక గడుగ్గాయి లేచాడు. "జవాబు లేకపోతే గదేం సవాల్ సార్?"

ఉర్దూ చదువు అలవాటు, మా పిల్లలు ప్రశ్నను సవాల్ అనేవారు.

"మీ అవ్వ పక్కింటి సంగతులు ఎట్ల ఆరా తీస్తదో గట్ల అడుగు" అన్నాను.

ఇక ఆగితేనా! "పెండ్లాం ముందర గూడ మీసం దువ్వుతడా సార్?" "అందరు పటేలుకు భయపడతరు, మరి పటేలు ఎవలికి భయపడతడు?" "ఇంట్లకొచ్చినా చెప్పులెందుకు విడువడు?" పడీ పడీ నవ్వాను. మొత్తం పదకొండు జమయ్యాయి. గడుగ్గాయి వాటిని పెద్ద కాగితం మీద రాసి, అన్నం మెతుకులతో బడి తలుపుకు అంటించాడు. పైన శీర్షిక: పటేలు మీద పదకొండు సవాళ్ళు.

తలుపు మీది శీర్షిక సంగతి ఎవరో చెవిన వేసినట్టున్నారు, మర్నాడు మా ఊరి అసలు పటేలు దిగాడు. ఆయన ఉర్దూ బడి గడప తొక్కలేదు. ఆయనకు తెలిసిన సవాల్ ఒక్కటే, కుస్తీలో తొడకొట్టి విసిరేది.

"ఏం పంతులూ! నా మీద పదకొండు సవాళ్ళా? ఎవడు వాడు, బైటికి రమ్మను!"

చేతిలో తాసీల్దారుకు రాయించిన ఫిర్యాదు కాగితం. అది చేరిందంటే తెలుగు గంటా పోతుంది, నా నౌకరీ కూడా పోతుంది. నా కోపం ఎటు పోయిందో ఏమో!

"సవాలంటే ప్రశ్న, పటేలా! మీ మీద కాదు, పుస్తకంలో పటేలు మీద."

"గట్లనా? ఏదీ, సదువు. అండ్ల నేనున్ననంటే సూడు మరి!"

చాప మీద కూర్చున్నాడు. నాలుగు పేజీలు చదివాను. ఇంతలో గడుగ్గాయి నోరు ఊరుకోలేదు. "చెప్పులెందుకు విడువడు పటేలా?"

అయిపోయాం, అనుకున్నాను.

పటేలు వాడి వైపు తిరిగాడు. "మడిమెలు పగిలుంటయి బిడ్డా. మన లెక్కనే ఉన్నయని ఎవలన్న సూస్తే, ఇగ భయపడతరా?"

అప్పుడు చూశాను, చాప మీద కూడా ఆయన చెప్పులు విడవలేదు. నిన్న అంత నవ్వినందుకు సిగ్గేసింది. ఆయన ఫిర్యాదు కాగితం మడిచి తల రుమాలులో దోపుకుని లేచాడు. అది తాసీలు కచేరీకి పోతుందో లేదో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

మరుసటి సాయంత్రం మళ్ళీ వచ్చాడు. అదే ఫిర్యాదు కాగితాన్ని గడుగ్గాయి చేతిలో పెట్టి, "ఎనుక సదువు" అన్నాడు. వెనకవైపు, ఎవరిచేతనో రాయించుకొచ్చిన పన్నెండో సవాల్:

"పటేలూ, తిన్నవా అని గీ పుస్తకంల ఒక్కలన్న అడిగిన్రా?"

ఆ గంటంతా అందరం పేజీలు తిరగేశాం. ఒక్కరూ అడగలేదు.