నాలుగో గంట తాడు

బుధవారం సాయంత్రమైతే ఎనిడ్ ఇప్పటికీ నా కళ్ళ ముందు మెదులుతుంది. స్వెటరు చేతులు మోచేతులదాకా మడుచుకుని, పిప్పరమెంటు బిళ్ళ ఒక దవడకు పెట్టుకుని, చర్చి గంటల సాధనకు మా కిటికీ ముందు నుంచే వెళ్ళేది. గోపురంలో ఆరు గంటలు, వాటికి ఆరు తాళ్ళు, తాడుకొక మనిషి. అందరూ ఆమె కనుసైగకే లాగేవారు. నాలుగో తాడు డెస్మండ్‌ది. మా దేశం యూరప్ కూటమిని వదలాలన్న ఓటును గౌరవించాలా, మళ్ళీ ఓటు పెట్టాలా అని దేశమంతా పోట్లాడుకున్న రోజులవి. చివరికి వదిలే రోజు ఖాయమైంది. ఆ రోజు గంటలు మోగించాలన్నాడు డెస్మండ్. ఎనిడ్ కుదరదంది.

"ఓడిపోయారుగా, కడుపుమంట," అన్నాడతను చర్చి గేటు దగ్గర, అందరూ వింటుండగా.

"నేనూ వదిలెయ్యమనే వేశాను, మొద్దూ. ఓటు ఓటే, వదలాల్సిందే. కానీ కింద సగం ఇళ్ళలో ఏడుస్తుంటే పైన పండగ గంటలు కొట్టను."

డెస్మండ్ మళ్ళీ గోపురం మెట్లెక్కలేదు. ఇంకొకరిని పెట్టుకోమని నేనే చెప్పి చూశాను. "వాడి తాడు అలాగే ఉండనీ," అంది. మొదటి మూడు గంటలూ వరసగా మోగాక, నాలుగోది మోగాల్సిన చోట ఊపిరి బిగబట్టినంత ఖాళీ వచ్చి, ఆ తర్వాత ఐదోది అందుకునేది. కుక్కను తిప్పే నెపంతో డెస్మండ్ ప్రతి బుధవారం చర్చి గోడ పక్కన నిలబడేవాడు. నేను కర్టెన్ తప్పించి చూసేదాన్ని. ఆ ఖాళీ వచ్చినప్పుడల్లా అతని చేయి, కుక్క గొలుసుతో సహా, కిందికి లాగేది. కూర్చోమన్నారనుకుని కుక్క పాపం ప్రతిసారీ కూర్చునేది.

ఈ సంగతి ఎనిడ్‌కి చెప్పాను. నవ్వలేదు. బిళ్ళను ఇంకో దవడకు మార్చుకుని, "సమయానికే లాగుతున్నాడా?" అని మాత్రం అడిగింది.