పాసైన కుళాయి

టైలరు మాస్టారి ఇంటి గోడకు వీధివైపు ఒక కుళాయి ఉండేది. దాని పైన మరలతో బిగించిన నీలం రేకు, రేకు మీద తెల్లటి అక్షరాలు: "నీటి నమూనా కేంద్రం." ఎవరెవరికి ఎన్నెన్ని బిరుదులున్నాయో గానీ, మాస్టారికి బతుకు మొత్తం మీద దొరికింది ఆ రేకు ముక్కొక్కటే.

నవ్వకండి. వయసంతా కుట్టుమిషను మీద ధారపోసిన మనిషి. చొక్కా ఒంటికి అతికినట్టు కుదిరితే జనం దాన్ని తొడుక్కున్నవాణ్ణి మెచ్చుకున్నారు. కుదరకపోతే టైలర్ని తిట్టారు. చూపు మందగించి కొట్టు మూసేశాక, నీళ్ళ ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి, "మీ సందు మొత్తానికి ఒక కుళాయి ఎంచుకోవాలండీ. మీది రోడ్డు మీదకే ఉంది, అందుకని..." అన్నాడు. ఆ "అందుకని" మాస్టారి చెవికెక్కలేదు. తనని ఎంచుకున్నారన్న ముక్క ఒక్కటే ఎక్కింది.

వచ్చినాయన్ని సందులో అందరూ సీసాలాయన అనేవాళ్ళు. వారానికోసారి ఐసు డబ్బా భుజాన తగిలించుకుని వచ్చేవాడు. కుళాయి మూతిని స్పిరిట్ దూదితో తుడిచి, మంటతో కాసేపు కాల్చి, కొన్ని నీళ్ళు వదిలేసి, ఆ తర్వాత సీసాలో పట్టుకుపోయేవాడు. ల్యాబులో ఆ నీళ్ళని ఒక పూటో రోజో వెచ్చగా ఉంచితే, వాటిలో మనిషి మలంలోంచి వచ్చే సూక్ష్మజీవులు ఉన్నదీ లేనిదీ తేలిపోతుంది. ఉన్నాయంటే ఎక్కడో మురుగు మంచినీళ్ళ గొట్టంలో కలుస్తోందన్నమాట. దాని వెనకే టైఫాయిడూ కామెర్లూ వస్తాయన్నమాట. కుళాయి ఎవరిది, ఆ ఇల్లు ఎంత శుభ్రం అన్న గొడవ ఆ పరీక్షకి పట్టదు. మాస్టారికి పట్టింది అదొక్కటే. సీసాలాయన వచ్చే రోజు పొద్దున్నే చింకి గుడ్డతో కుళాయిని తళతళలాడేదాకా తోమేవాడు.

మొదట్లోనే దెబ్బ తగిలింది. "మాస్టారూ, మీ కుళాయి ఫెయిలండీ!" అని సీసాలాయన నడివీధిలో నిలబడి కేకేశాడు. ఎదురింటి బాల్కనీలోంచి బ్యాంకులో పనిచేసి రిటైరైన ఆవిడ తొంగి చూసింది. మాస్టారికి తల కొట్టేసినట్టయింది.

"వచ్చే వారం మళ్ళీ పడతాం. అప్పుడూ ఇంతే అయితే రోడ్డు తవ్వి గొట్టం చూస్తారు," అని చెప్పి సీసాలాయన వెళ్ళిపోయాడు.

"ఫెయిలైంది నీళ్ళండీ, మీరు కాదు," అంది భార్య.

"కుళాయి ఎవరి గోడకుంది?"

"మన గోడకే."

"మరి?"

మాస్టారు ప్లంబరుకి కబురు పెట్టాడు. రెండ్రోజుల్లో ప్లంబరు వచ్చి, వంటింటి అలమర వెనక, వీధి గొట్టం ఇంట్లోకి వచ్చే చోట, ఆ కుళాయి నీళ్ళు కూడా దాన్ని దాటే వెళ్ళేలా ఒక ఫిల్టరు బిగించి పోయాడు. లోపల నీలి దీపం వెలుగుతుందట, దాన్ని దాటి ఏ క్రిమీ బతికి బయటపడదట. వారం తిరిగేసరికి కుళాయి పాసైంది. ఆఫీసువాళ్ళు రోడ్డు తవ్వే పని కట్టిపెట్టారు. మాస్టారు మళ్ళీ తలెత్తుకుని తిరిగాడు. సందు మొత్తానికి కన్ను లాంటి ఆ కుళాయికి తనే గంత కట్టానన్న ఆలోచన ఆయనకి రాలేదు. వచ్చినా కూర్చోమనలేదు.

సందు చివరింట్లో మాస్టారి అక్క ఒక్కతే ఉండేది. తల్లి పోయిన నాటి నుంచీ తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచిన మనిషి. మంచిదే గానీ నోట్లో నువ్వుగింజ నానదు. ఆవిడ చెవిన పడ్డ సంగతి సాయంత్రంలోగా సందంతా చుట్టి వచ్చేది. అందుకే ఫిల్టరు మాట మాస్టారు ఆవిడ దగ్గర ఎత్తలేదు. ఎత్తితే పాసైంది ఫిల్టరేనని ఊరంతా నవ్వదూ?

ఒకరోజు ఆవిడే వచ్చి అరుగు మీద కూలబడింది.

"ఒరేయ్, పెద్ద ఆఫీసరువైపోయావుగా, చెప్పు. ఫెయిలన్న నాటి నుంచీ మరగబెడుతున్నా. ఈ నీళ్ళు ఇంకా మరగబెట్టుకుని చావాలా? మరిగిన నీళ్ళు చప్పగా ఏడుస్తున్నాయి. గొంతు దిగట్లేదు."

జుట్టుకి రంగేసుకునేవాడు కొన్నాళ్ళకి తన జుట్టు నల్లనిదేనని నమ్మేసినట్టు, మాస్టారు అప్పటికి ఆ ఫిల్టరుని సగం మర్చిపోయాడు. మిగతా సగం గుర్తుంది. గుర్తున్న సగం నోరు విప్పలేదు.

"అక్కర్లేదక్కా. వారం వారం పాసవుతున్నాయిగా."

"హమ్మయ్య, బతికించావు," అంది అక్క.

వానలు పట్టాక సందులో జ్వరాలు మొదలయ్యాయి. ముందు చివరి ఇళ్ళలో పిల్లలు పడ్డారు, ఆ తర్వాత పెద్దవాళ్ళు, వాళ్ళతో పాటు అక్క. టైఫాయిడ్ అన్నారు డాక్టర్లు. సందు జనమంతా కలిసి నీళ్ళ ఆఫీసు మీదకు వెళ్ళారు. వెళ్ళకపోతే ఏమనుకుంటారోనని మాస్టారూ వెళ్ళాడు. పెద్ద ఇంజనీరు అందరి గోలా విని, తాపీగా అన్నాడు.

"మీ సందు నీళ్ళు వారం వారం పాసవుతున్నాయి. నమూనా పట్టేది ఈయన కుళాయిలోనే. ఏమండీ, మీ ఇంట్లో ఎవరికైనా జ్వరమొచ్చిందా?"

అందరూ మాస్టారి వైపు తిరిగారు. ఎప్పుడో కొట్టు తెరిచిన రోజున కూడా అంతమంది ఆయన మాట కోసం ఎదురుచూడలేదు.

"లేదండీ," అన్నాడు మాస్టారు.

అబద్ధం కాదు. అందుకే అంత తేలిగ్గా వచ్చింది.

"విన్నారుగా! బయట తిళ్ళు తగ్గించుకోండి," అని ఇంజనీరు చేతులు దులుపుకున్నాడు. జనం గొణుక్కుంటూ ఇళ్ళకు పోయారు.

"చెప్పారా?" అని గుమ్మంలోనే అడిగింది భార్య.

"ఏం చెప్పాలి?"

"మీరు చెప్పకపోతే నేను చెప్తా."

"చెప్పు. చెప్పి, పొద్దున్నే ఏ మొహంతో వాకిలి ఊడుస్తావో చూస్తా."

ఆవిడా చెప్పలేదు. ఆ గోడ ఆవిడది కూడా.

ఆస్పత్రిలో అక్క మంచానికి అతుక్కుపోయింది. అయినా నోరు మాత్రం తగ్గలేదు. "బయట తిన్నావా అని అడుగుతున్నార్రా. నేను హోటలు గుమ్మం తొక్కి ఎన్నేళ్ళయిందో వాళ్ళకేం తెలుసు?" అని నవ్వబోయి, పొట్ట పట్టుకుంది. ఆ తర్వాత, "ఈ నీళ్ళు నోట పెట్టలేకుండా ఉన్నాన్రా తమ్ముడూ. నీ కుళాయి నీళ్ళు పట్టుకురా," అంది.

మాస్టారు పట్టుకెళ్ళాడు. తల కింద చెయ్యి పెట్టి తనే తాగించాడు.

"తియ్యగా ఉన్నాయి. మన సందు నీళ్ళే నీళ్ళు," అంది అక్క.

ఆ వారం దాటకుండానే పేగుకి చిల్లు పడి అక్క పోయింది. మాస్టారు ఏడ్చిన ఏడుపు చూసి, తమ్ముడంటే అలా ఉండాలి అన్నారందరూ. ఆ మాట వినడం కంటే చెప్పుతో కొట్టించుకోవడం నయమనిపించింది ఆయనకి.

అంతా అయ్యాక, ఆయనే అలమర జరిపి ఫిల్టరు ఊడదీశాడు. ఎప్పుడూ మరలు తిప్పని చెయ్యి, చర్మం లేచిపోయింది. గొట్టం మళ్ళీ కలిపించాడు. సీసాలాయన వచ్చే రోజున కుళాయి తోమలేదు. రిపోర్టు రాకముందే ఇంజనీరు దగ్గరికి వెళ్ళి, ఫిల్టరు ఎదురుగా పెట్టి, మొదటి నుంచీ చెప్పేశాడు. అక్కకి చెప్పిన మాట కూడా దాచలేదు. తిట్టాలి, కొట్టాలి, పోలీసులకు అప్పజెప్పాలి, ఏదో ఒకటి చెయ్యాలి అన్నట్టు నిలబడ్డాడు.

ఇంజనీరు ఫిల్టరు వైపు చూశాడు గానీ దాన్ని ముట్టుకోలేదు.

"ఇప్పుడిదంతా బయటికొస్తే ఎవరికి మంచిదండీ? వానలు తగ్గాయి, జ్వరాలూ తగ్గాయి. మీరు ఇంటికెళ్ళి విశ్రాంతి తీసుకోండి."

"మరి గొట్టం?"

"చూద్దాం లెండి."

చూశారు. కుళాయి ఫెయిలైంది. మర్నాడే సీసాలాయన స్క్రూడ్రైవరుతో వచ్చి నీలం రేకు విప్పుకున్నాడు. "మీ కుళాయి లెక్కలోకి తీసుకోవద్దన్నారండీ. మీ ఇంటి గొట్టంలోనే ఏదో లోపం ఉందట," అని, రోడ్డు దాటి ఎదురింటి గోడకి, కుళాయి పైన, ఆ రేకు బిగించాడు.

మాస్టారు గోడ మీద మిగిలిన మరల చిల్లులు చూశాడు. ఆ తర్వాత చెప్పులైనా వేసుకోకుండా ఎదురింటికి వెళ్ళాడు. బ్యాంకావిడ గుమ్మంలోనే ఉంది. రేకు తన గోడకొస్తోందని ఆవిడకి ముందురోజే కబురందింది.

"అమ్మా, మీకు దణ్ణం పెడతాను. ఆ కుళాయిని ఏమీ చెయ్యకండి. తోమకండి. ఎలా ఉందో అలాగే వదిలెయ్యండి. ఫెయిలవనివ్వండి."

"భలేవారే మాస్టారూ! మీ రేకు పోయిందని ఇంత ఉక్రోషమైతే ఎలా? మా ఇంటికి మాట రానిస్తానా?"

లోపల్నుంచి గోడకి తూటు పొడుస్తున్న చప్పుడు వినిపిస్తోంది. అది ఆగింది. ప్లంబరు చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి, మాస్టార్ని చూసి నవ్వాడు.

"నమస్తే మాస్టారూ! అమ్మగారు కూడా మీ ఇంట్లో పెట్టిందే కావాలన్నారు."