సౌండు నాబ్ మీద టేపు ముక్క

ఏలూరులో ఉన్ని తివాచీలు నేసే ఇళ్ళను ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. వాటిలో నాగూర్ ఇల్లు ఒకటి. అరవై మూడేళ్ళ నాగూర్ మాటకారి కాదు. ఉన్న ఆ నాలుగు మాటలూ రేడియోతోనే ఆడతాడు. వార్తలు చదివేవాళ్ళను దిద్దుతాడు, ధాన్యం ధరలు చెప్పేవాళ్ళతో వాదిస్తాడు. భార్య జహీరాతో మాత్రం తొమ్మిదేళ్ళుగా సైగలే నడుస్తున్నాయి. తగువేమీ లేదు. ఆవిడ గొంతుకు ఆపరేషన్ అయింది. మనిషి దక్కింది, గొంతు పోయింది.

అంతకుముందు ముప్ఫై ఏళ్ళు ఆ గొంతే మగ్గాన్ని నడిపింది. జహీరా నమూనా కాగితం ఒళ్ళో పెట్టుకుని, "ఎరుపు మూడు, పచ్చ రెండు" అంటూ వరసకు వరస చదివేది. నాగూర్ వింటూ ముడులు వేసుకుంటూ పోయేవాడు. ఇప్పుడు కళ్ళజోడు పెట్టుకుని కాగితం తనే చూసుకుంటున్నాడు. పని సగానికి సగం పడిపోయింది. దానికి అతను పెద్దగా బాధపడలేదు. కానీ కిందటి వేసవిలో ఒక మధ్యాహ్నం మగ్గం ముందు కూర్చుని ఆ గొంతును గుర్తు తెచ్చుకోబోయాడు. మాటలు గుర్తొచ్చాయి, గొంతు రాలేదు. అప్పుడు నిజంగా భయపడ్డాడు. ఇల్లంతా వెతికాడు. కూతురి పెళ్ళి వీడియోలో బ్యాండు మోత తప్ప మరేమీ లేదు. రోజూ వినపడే గొంతును దాచుకోవాలని ఎవరికి మాత్రం తోస్తుంది?

ఆ గొంతు మిగిలింది ఒక్క రేడియోవాళ్ళ దగ్గరే. ఇరవై రెండేళ్ళ కిందట చేతిపనులు చేసే ఆడవాళ్ళ గురించి కార్యక్రమం చేస్తూ జహీరాను ఆరు నిమిషాలు మాట్లాడించారు. ఈ జనవరిలో ఆ పాతవన్నీ ఒక వారం పాటు మళ్ళీ వేస్తామని ప్రకటించారు. నాగూర్ వెంటనే ఫోన్ చేశాడు.

"ఏ రోజో, ఏ టైముకో చెప్పలేమండీ. ఖాళీ దొరికినప్పుడల్లా వేస్తుంటామండీ. కాపీ ఇచ్చే వీల్లేదు గానీ, మీరే రికార్డు చేసేసుకోండి," అన్నాడు అవతలి మనిషి, ఎంతో మర్యాదగా.

అంటే పొద్దున్న ఆరు నుంచి రాత్రి పది దాకా, ఏడు రోజులూ పట్టాలన్నమాట. నాగూర్ ముందు ఫోన్‌ను రేడియో ఎదురుగా పెట్టి చూశాడు. కుక్కరు విజిళ్ళూ, కొల్లేరు చేపలమ్మే ఆవిడ కేకా, తన దగ్గూ చక్కగా పడ్డాయి. మధ్యలో ఎవరో ఫోన్ చేస్తే అసలు రికార్డింగే ఆగిపోయింది.

రేడియోను తువ్వాల్లో చుట్టుకుని తాడేపల్లిగూడెం బస్సెక్కాడు. అక్కడ రైల్వే స్టేషన్ దగ్గర శ్యామ్ సుందర్ అనే అతను పాత కంప్యూటర్లు బాగుచేసి అమ్ముతుంటాడు. సంగతంతా విని, రేడియోను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"కార్డులోకి రికార్డు చేసే రేడియోలు ఉన్నాయండీ. కానీ మధ్యలో బ్యాటరీ అయిపోతే ఆ ఫైలు ఇక తెరుచుకోదండీ. పాత ల్యాప్‌టాప్ పట్టుకెళ్ళండి. కరెంటు పోయినా రెండు గంటలు లాగుద్ది."

"మరి సాఫ్ట్‌వేరో?"

"డబ్బులు కట్టేది ఎందుకండీ, ఉచితంగా వచ్చేదే చాలు. గంటకో ఫైలు దానంతటదే కట్ చేసుకునేలా పెడతాను. ఏదన్నా జరిగితే ఆ గంటే పోద్ది, రోజంతా పోదు. ఎంపీత్రీ పెడతానండీ, మనిషి మాటకి అది సరిపోద్ది. పెద్ద ఫైళ్ళయితే మూడో రోజుకే డిస్కు నిండిపోద్ది."

ల్యాప్‌టాప్ మధ్యలో నిద్రపోకుండా సర్దాడు. రేడియో ఇయర్‌ఫోన్ సాకెట్టు నుంచి రెండు పాయల వైరు తీసి, ఒక పాయను ల్యాప్‌టాప్‌కీ, ఇంకో పాయను చిన్న స్పీకరుకీ కలిపాడు. ఛార్జరును రేడియోకు దూరంగా పెట్టకపోతే గురగుర వస్తుందన్నాడు. చివర్లో వేలెత్తి మరీ చెప్పాడు.

"ఒక్క సంగతండీ. ఈ సాకెట్టులోంచి తీస్తే రేడియో సౌండు ఎంతుంటే రికార్డింగూ అంతే వస్తుంది. రేడియో నాబ్ ఎవరూ ముట్టుకోకూడదు. తగ్గించుకోవాలంటే స్పీకరు నాబ్ తిప్పుకోండి. రోజూ పొద్దున్నే ఫైళ్ళ సైజు చూసుకోండి, అన్నీ ఒకేలా ఉంటే పనిచేస్తున్నట్టే."

నాగూర్ ఇంటికొచ్చి నాబ్ మీద అడ్డంగా టేపు అంటించాడు. జహీరాకు చూపించి, ముట్టుకోవద్దని చెప్పాడు. ఆవిడ తలూపింది. నాలుగు రోజులు గడిచాయి. రోజూ పొద్దున్నే సైజులు చూసుకునేవాడు. గంటకు గంట అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండేవి. అన్నీ ఒకేసారి చివర్లో విందామని ఒక్కటీ తెరవలేదు.

అయిదో రోజు సాయంత్రం మగ్రిబ్ నమాజు నుంచి వచ్చేసరికి జహీరా గుమ్మంలోనే ఎదురైంది. మొహం వెలిగిపోతోంది. వేలితో రేడియోను చూపించింది, తన గొంతును తాకి చూపించింది. నాగూర్ చెప్పులతోనే లోపలికి పరిగెత్తాడు.

ఫైలు తెరిచాడు. శబ్దం ఉన్నచోట గీత ఎగిరెగిరి పడుతోంది. అయిదూ యాభై మూడు దగ్గర మాత్రం స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా అయిపోయింది. అలాగే ఆరు నిమిషాలు నడిచి, మళ్ళీ లేచింది. రేడియో వంక చూశాడు. టేపు ముక్క ఒలిచి, పోకుండా రేడియో పక్కనే నీటుగా అంటించి ఉంది. దాని జిగురు అరిగిపోయింది. రోజూ ఒలిచి మళ్ళీ వేస్తూనే ఉందన్నమాట. నిశ్శబ్దానికీ ఫైలు సైజు అంతే పడుతుంది కాబట్టి పొద్దున్నే చూసిన సైజుల్లో అది దొరకలేదు.

"ముట్టుకోవద్దన్నానా లేదా? నీ గొంతు నువ్వే నొక్కేసుకున్నావు కదే!" అని అరిచాడు. ఆ ఇంట్లో అంత గట్టిగా ఎవరూ అరిచి ఎరగరు.

జహీరా బెదరలేదు. మసీదు వైపు చెయ్యి చూపించి, ఆ చెయ్యినే అతని గుండె మీద ఆనించింది.

అప్పుడు గుర్తొచ్చింది. పెళ్ళయిన మర్నాడు, కొత్త రేడియో పక్కన నిలబెట్టి, ఆ ఇంటి పద్ధతిగా తను ఆమెకు చెప్పిన మొదటి మాట ఇదే. నమాజుకు పిలిచే అజాన్ వినపడగానే దీన్ని పూర్తిగా తగ్గించాలి, ఊళ్ళో చివరి మసీదు అజాన్ అయ్యాకే పెంచాలి. ముప్ఫై తొమ్మిదేళ్ళుగా ఆవిడ ఒక్కపూట తప్పలేదు. ఆ ఇంట్లో అజాన్‌కు నాబ్ తిప్పడం ముట్టుకోవడం కింద లెక్కే కాదు. అజాన్‌కు ముందే మసీదుకు వెళ్ళిపోతాడు గానీ, ఇంట్లో ఉంటే నాగూర్ తనూ తిప్పేవాడే. అతనికి సిగ్గేసింది. చెప్పులు విప్పి బయట పెట్టి వచ్చి, మళ్ళీ లేచిన గీత దగ్గర నుంచి ప్లే నొక్కాడు.

మిగిలింది పంతొమ్మిది సెకన్లు. మగ్గం దగ్గర రంగులు ఎలా చెబుతారో చెప్పమని రేడియోవాళ్ళు అడిగినట్టున్నారు.

"ఎరుపు మూడు, పచ్చ రెండు, తెలుపు ఒకటి, నీలం నాలుగు..."

కొంచెం బొంగురుగా, తొందర తొందరగా ఉంది. ఇదే. ఇలాగే ఉండేది. నాగూర్ వేళ్ళు ఒళ్ళోనే గాలిలో ముడులు వేయడం మొదలుపెట్టాయి. కళ్ళు తుడుచుకుని మళ్ళీ వేశాడు. మూడోసారి వేస్తుంటే జహీరా అతని భుజం తట్టింది. ల్యాప్‌టాప్ వంక చూస్తూ, ఆ లెక్క తప్పన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఇరవై రెండేళ్ళ కిందటి తన గొంతు "నీలం నాలుగు" అంటుండగా, అతని మొహం ముందు అయిదు వేళ్ళూ చాపి చూపించింది.