బజారునే బందు పెట్టించిన మామ

నాకు పిల్లనిచ్చిన మామ రేడియో కొనేటప్పుడు పాట వినడు. రెండు స్టేషన్ల మధ్య ఖాళీ జాగాలో ముల్లు నిలిపి, కళ్లు మూసుకుని ఆ హోరు వింటాడు. "పాట అన్ని డబ్బాలల్ల మంచిగనే ఇనస్తది. పాట లేనికాడ ఎట్లుందో సూడాలె" అంటాడు.

మగ్గం దగ్గర ఆయనకు తోడుగా ఉండే రేడియో పోయిన ఏడాది పాడైంది. అది పలకకపోతే ఆయనకు నేత సాగదు. సిద్దిపేటలో పాత సామాన్ల దుకాణానికి తీసుకెళ్లాను. అక్కడ హ్యామ్ రేడియో వాళ్లు, అంటే సరదాకు వైర్‌లెస్‌లో దూరదేశాలతో మాట్లాడేవాళ్లు, వాడిన పాత రిసీవరొకటి ఉంది, దూడంత బరువు. పెడితే ఒకటే గుర్రు.

"గది ఖరాబైంది చాచా. ఇయ్యాల పలగ్గొట్టి రాగి తీస్తా" అన్నాడు దుకాణం భాయ్.

"ఖరాబైంది డబ్బా కాదు, నీ ఎల్ఈడీ బల్బు. బందు జెయ్" అన్నాడు మామ.

బల్బు ఆర్పితే గుర్రు సగం తగ్గింది. ఫోను చార్జరు పీకించాడు. పక్క దుకాణాల లైట్లు ఆర్పించాడు. నమ్మితే నమ్మండి, మిట్టమధ్యాహ్నం బజారు బజారంతా లైట్లు బందయి, కరెంటు పోయిందనుకుని కరెంటాఫీసు వాళ్లు నిచ్చెనతో పరుగెత్తుకొచ్చారు. నేను వాళ్లకు సంగతంతా వివరించడం మొదలుపెట్టాను.

"ఇగ మా అల్లుడొక్కడే మిగిలిండు భాయ్. గీయనకు స్విచ్చు లేదు!" అన్నాడు మామ.

నోరు మూసుకున్నాను. మామ ముల్లు జరిపాడు. ఎవరో ఆడమనిషి పాట, ఎదురుగా కూర్చుని పాడినంత స్పష్టంగా వచ్చింది. మగ్గం మీద పోగుల మధ్య నాడె అటూ ఇటూ విసిరినట్టు మామ చేతులు గాలిలో ఆడసాగాయి. భాయ్ కాసేపు ఆ చేతులనే చూసి, సుత్తి పక్కన పెట్టి, మేం మోసుకెళ్లేలా ఆ రిసీవరుకు కట్టడానికి తాడు వెతికాడు.