ఎవరి మనిషి?

లాక్‌డౌన్‌లో జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో మా పక్క గదిలో హైదరాబాద్ పరిశోధక విద్యార్థిని ఉండేది. విదేశీ రేవుల్లో తొలినాటి అమెరికా కాన్సుళ్ల, అంటే ఆ దేశ ప్రతినిధుల, నియామక పత్రాలు చదివేది. ప్రతి పేరు దగ్గరా, "వీడెవరి మనిషన్నా?" అని నవ్వేది. సిఫారసు చేసిన నాయకుడు దొరికేదాకా వదిలేది కాదు.

జర్మనీ రేవులో ఒక కాన్సుల్, జ్వరపడిన తన దేశపు నావికులను ఇంటికెళ్లే ఓడ ఎక్కించకుండా వదిలేశాడని కనిపెట్టింది. ఆమెకు స్కాలర్‌షిప్ ఇచ్చేది అతని వంశీకులే. థీసిస్‌లో ఆ అధ్యాయం తీసేస్తేనే వీసా పొడిగింపుకు ఉత్తరం ఇస్తామన్నారు. వీసా గడువు వారమే, ఇంటికెళ్లడానికి విమానాలు లేవు.

ఆ కబురు వచ్చిన ఉదయం నా గుమ్మంలో నిలబడి, మాస్కు వెనక నుంచి మెల్లగా అడిగింది.

"తీసేస్తే నేనెవరి మనిషినైత అన్నా?"

థీసిస్‌ను ఆ అధ్యాయం ఉంచే వాళ్లకు పంపింది. అప్పటినుంచి పోస్ట్‌మన్ గంట కొడితే, వీసా ఆఫీసు ఉత్తరమేమోనని ఇద్దరం ఊపిరి బిగబట్టేవాళ్లం.