ఇంజను సైకిలు

మనవరాలు ఈమధ్యే నాచేత అక్షరాలు దిద్దించింది. అందుకే స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో జరిగిన సంగతి ఇప్పటికి రాస్తున్నాను.

మా ఆయన మామిడి తోటల బేరాలకు తిరగడానికి ఇంజను బిగించిన సైకిలు కొన్నారు. చాట్రాయి నుంచి నూజివీడు వెళ్లే బస్సులో పక్కన కూర్చున్న పెద్దావిడతో గొప్పగా చెప్పాను.

"లైసెన్సు ఉందా అమ్మాయ్?"

"పెడళ్లున్నాయిగా, ఎందుకండీ? పోలీసులు కనబడితే ఇంజను ఆపి తొక్కుతారంట."

బస్సు దిగగానే ఆవిడ నా అరచెయ్యి పట్టుకుని బస్సు ముందున్న ఇంజను రేకుకు ఆనించింది. చురుక్కుమంది.

"మావాడూ అట్టాగే తొక్కాడు. పోలీసాయన ఇట్టా చెయ్యేసి చూశాడు. వేడి దాగుద్దా? లైసెన్సు లేదు, నెంబరు లేదు. లాకప్పులో పడేశారు. ఇవాళ కోర్టు."

ఆ సాయంత్రం ఆయన ఇల్లు చేరేదాకా గుమ్మంలోనే నిలబడ్డాను.

మర్నాడు పొద్దున్నే ఇంజను బెల్టు లాగేసి గడ్డివాములో దాచాను. ఆయన వెతుక్కుంటుంటే, "లైసెన్సు తెచ్చుకోండి, ఇస్తాను" అన్నాను.