రెండు ఇళ్లలో నాయన

ఏం ఉద్యోగమని చుట్టాలు అడిగితే కంప్యూటర్ పని అని ఊరుకుంటాను. నిజానికి నేను చేసేది, సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో పేజీలు రాయడం. పోయిన ఎండాకాలం నా మెడకు పడ్డ పేజీ ఇది. ఒకే డేటాబేస్‌ను రెండు ఊళ్లలో రెండు కాపీలుగా ఉంచుతారు. ఇక్కడ మార్చింది అక్కడికి, అక్కడ మార్చింది ఇక్కడికి తనంతట తానే చేరుతుంది. మధ్యలో లైను తెగిందనుకోండి. ఒకే మనిషి చిరునామాను ఇక్కడొకరు ఒకలా, అక్కడొకరు ఇంకోలా మార్చారు. లైను కలిశాక ఏది ఉంచాలి? చివర రాసింది ఉంచవచ్చు. లేదా ఫలానా ఊరి కాపీదే పైచేయి అని ముందే పెట్టుకోవచ్చు. రెండూ వద్దంటే, రెండింటినీ పక్కపక్కన ఉంచి ఎవరైనా మనిషి చూసి తేల్చేదాకా ఆగవచ్చు.

తిరుపతిలో మా వంటింటి పక్కన బల్ల వేసుకుని ఇది రాస్తుంటే, అమ్మ గుమ్మం దగ్గరకు వచ్చి, "మీ నాయన ఇంకా కొండ దిగలేదా పాపా?" అనేది.

నాయన పోయి అప్పటికి ఏడాది దాటింది. ఉన్నన్నాళ్లూ తిరుమలలో కాటేజీల దగ్గర పనిచేసేవాడు. డ్యూటీ పడితే రెండు మూడు రోజులు కొండ మీదే. ఆయన కోసం ఎదురు చూడటం అమ్మకు జీవితమంతా అలవాటు. మతిమరుపు ముదిరాక ఆ అలవాటు మిగిలింది కానీ, నాయన చావు మాత్రం ఆమెకు గుర్తుండేది కాదు. అందుకే నేను, "డ్యూటీలో ఉన్నాడమ్మా, రేపు వస్తాడు" అనేదాన్ని. "ఆడ చలి. దుప్పటి తీసకపోయినాడో లేదో" అని గొణుక్కుంటూ పోయి పడుకునేది.

చిత్తూరులో అన్న ఇంట్లో అలా కాదు. అమ్మ ఒక నెల నా దగ్గర, ఒక నెల అన్న దగ్గర ఉండేది. అడిగిన ప్రతిసారీ అన్న, "నాయన పోయినాడమ్మా" అని నిజమే చెప్పేవాడు. అమ్మ అప్పుడే విన్నట్టు గుండెలు బాదుకునేది. వదిన ఫోన్ చేసి చెబితే నాకు ఒళ్లు మండిపోయేది.

"ఏం మనిషివన్నా నువ్వు? రోజుకొకసారి ఆమె తాళి తెంచతా ఉండావే!"

"నాయనకు కొరివి పెట్టింది నేను మే. ఈ చేత్తో కొరివి పెట్టి, ఈ నోటితో డ్యూటీకి పోయినాడని ఎట్ట సెప్పేది?" అని ఫోన్ పెట్టేశాడు.

మేనేజరుతోనూ అప్పుడే గొడవ. చివర రాసింది నిలిచే పద్ధతి కింద, 'రెండోది ఎవరికీ తెలియకుండా పోతుంది' అని రాశాను. చదివేవాళ్లు భయపడతారు, తీసేయండి అన్నాడు. "పోయేది పోతుందని చెప్పకపోతే ఈ పేజీ దేనికండీ?" అని ఎగిరాను. ఆ వాక్యం కాస్త మెత్తబడి ఉండిపోయింది.

మా ఇంట్లో ఏ మాటా నిలవలేదు. చిత్తూరు నుంచి వచ్చిన కొత్తల్లో, ఎందుకో గుర్తులేకపోయినా ఏడుపు మాత్రం అమ్మ వెంటే వచ్చేది. కాస్త కుదుటపడేలోపు మళ్లీ నెల తిరిగేది. మనిషి సగమైపోయింది. ఇద్దరం ఒకటే మాట చెప్పాలి, అదీ నా మాటే అయ్యుండాలి అనుకుని, అన్నతో తేల్చుకోవడానికి చిత్తూరు బస్సెక్కాను.

అన్న మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. నేను నోరు తెరవకముందే, "ఇంక పోయినాడని సెప్పను లే మే. నువ్వన్నట్టే కొండ మీద ఉండాడంటా" అన్నాడు.

"అబ్బో! ఇంత బుద్ధి ఎప్పుడు పుట్టింది?"

అన్న నవ్వలేదు. "నిన్న అమ్మ నా చెయ్యి పట్టుకునింది. 'మీ నాయన పోయినాడని నాకు తెలుసు లేరా. పాపకు మాత్రం సెప్పొద్దు. అది పిచ్చిది, ఇంకా డ్యూటీలో ఉండాడనే అనుకుంటా ఉండాది. తెలిస్తే తట్టుకోలేదు' అనింది."

నాయన పోయాక అమ్మ ఎదుట నేను ఒక్కసారి కూడా ఏడవలేదు. ఆ రోజు మెట్ల మీదే కూలబడి, చుట్టుపక్కల వాళ్లు చూస్తారని కూడా లేకుండా బావురుమన్నాను. ఆ చప్పుడుకు అమ్మ గోడ పట్టుకుని బయటికి వచ్చింది. నా తల తన పొట్టకు అదుముకుని, అన్న మీద కస్సుమంది.

"సెప్పొద్దంటే సెప్పేసినావా రా!"